పదకొండిళ్ళ దిబ్బ

ఇలా దగ్గరికి జరుగు చిట్టీ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఈ కథ నిండా నీళ్ళే, చలేస్తుంది.

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలుపెడదామంటే, అది ఊరే కాదు. ఒక పెద్ద సరస్సు, దాని అంచున ఒక మట్టి దిబ్బ, దిబ్బ మీద పద్నాలుగు గుడిసెలు. దాని పేరు పదకొండిళ్ళ దిబ్బ. పేరు పెట్టిన రోజుల్లో పదకొండే ఉండేవి. తర్వాత మూడు పెరిగాయి గానీ, పేరు మార్చే తీరిక ఎవరికీ దొరకలేదు.

సరస్సు పేరు చెంగలమడుగు. ఇవతలి ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు కనపడదు. నాకైతే కళ్ళజోడు లేకపోతే ఇవతలి ఒడ్డు కూడా కనపడదు, అది వేరే సంగతి.

పొద్దున్నే గూడబాతులు గొంతు కింద సంచులు వేలాడేసుకుని, సంతకొచ్చిన ఆడవాళ్ళలాగా వరసగా దిగేవి. మధ్యాహ్నం తామరాకుల మీద నీటికోళ్ళు చెప్పుల్లేకుండా పరిగెత్తేవి. సాయంత్రమయ్యేసరికి నీళ్ళన్నీ తోమిన రాగిబిందె రంగులోకి తిరిగేవి.

గుడిసెలు కిక్కిసతో కట్టినవి. కిక్కిస అంటే ఆ మడుగులో మనిషికి రెండింతలు పెరిగే గడ్డి. గోడలూ దానివే, కప్పూ దానిదే. మూడేళ్ళకోసారి కుళ్ళిపోతుంది, మళ్ళీ కొత్తది కడతారు. అందుకని ఆ దిబ్బ మీద ఏ ఇల్లు చూసినా నిన్ననే కట్టినట్టు ఉండేది.

ఆ దిబ్బ మీద నాంచారయ్య అని ఒకాయన ఉండేవాడు. అతనికో తాటిదోనె ఉండేది. పట్నం నుంచి వచ్చినవాళ్ళని దోనెలో ఎక్కించుకుని సరస్సంతా తిప్పేవాడు. తన గుడిసె పక్కన ఇంకో గుడిసె వేసి, దానికి ‘కాటేజి’ అని పేరు పెట్టాడు. గుడిసెకీ కాటేజీకీ తేడా ఏమిటయ్యా అని ఎవరైనా అడిగితే, కాటేజీలో అద్దం ఉంటుందనేవాడు.

నాంచారయ్య బడికి వెళ్ళలేదు. ఎరువుల బస్తాల మీది అక్షరాలు చూసి తనంతట తనే చదువు నేర్చుకున్నాడు. అందుకని ఏది రాసినా అరచేతంత అక్షరాలు రాసేవాడు. మొదట్లో ప్రతి మాట చివరా ‘నికర బరువు’ అని కూడా రాసేవాడట. చాలా రోజులకి మానేశాడు.

చదువైతే కొంచెమే గానీ, చరిత్ర మాత్రం అతని దగ్గర దండిగా ఉండేది. లేకపోతే అప్పటికప్పుడు తయారయ్యేది.

సరస్సు మధ్యలో ఒక బండ ఉంది. ‘‘అది రాణిగారు తల ఆరబెట్టుకున్న బండండీ,’’ అనేవాడు. తూర్పున ఒక రాతి స్తంభం ఉంది. ‘‘అది రాజుగారి ఏనుగుని కట్టేసిన స్తంభమండీ,’’ అనేవాడు. పడమట ఒక నత్తగుల్లల గుట్ట ఉంది. ‘‘అవి రాజుగారమ్మాయి పెళ్ళికి ముత్యాలు ఒలిచిన చిప్పలండీ,’’ అనేవాడు.

అబద్ధాలే. అయితే ఏం? ‘తియ్యటి మందు, తాగు’ అని నీకు నేను చెప్పలేదూ? ఎవరికి కావలసినంత వాళ్ళం చెబుతాం.

ఒకసారి పట్నం నుంచి వచ్చినాయన గాలి గట్టిగా పీల్చి, ‘‘ఆహా, మనిషి అడుగు పడని చోటంటే ఇలా ఉండాలి,’’ అన్నాడు. ఆ మాట నాంచారయ్యకి తెగ నచ్చింది. మర్నాడే ఒక చెక్క మీద ఎర్రరంగుతో రాసి కాటేజీ ముందు పాతాడు. ‘ఇది రాజులు విహరించిన చోటు. మాకు ముందు ఇక్కడ ఏ మనిషీ కాపురం ఉండలేదు.’

అతని భార్య లంకమ్మ చదివించుకుని విని, ‘‘మరి మీ అమ్మ మనిషి కాదా మావా?’’ అంది.

‘‘నీకు తెలీదులే. పట్నపోళ్ళకి ఇలాగే ఉండాలి,’’ అన్నాడు నాంచారయ్య.

అప్పుడు, వానాకాలం ఇంకా రాకముందు, ఒకరోజు దిబ్బ దగ్గర జీపు ఆగింది. అందులోంచి హైమావతిగారని ఒక అధికారి దిగింది. వెనకాలే ఇద్దరు మనుషులు గొలుసూ మేకులూ మోసుకుంటూ దిగారు. ఆవిడ పని భూములు కొలిచి హద్దులు వెయ్యడం.

దిగడం దిగడమే ఆవిడ చెక్క మీద రాసింది చదివింది.

‘‘ఇది ఎవరు రాశారు?’’

‘‘నేనేనండీ,’’ అన్నాడు నాంచారయ్య ఛాతీ ముందుకు పెట్టి.

‘‘అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి,’’ అని ఆవిడ ఆ రెండు ముక్కలూ తన పుస్తకంలో ఎక్కించుకుంది. నాంచారయ్య పొంగిపోయాడు. తన రాత ఒక అధికారి పుస్తకంలోకి ఎక్కిందాయె.

ఆ తర్వాత ఆవిడ పటం పరిచింది. ‘‘ఈ సరస్సు రోజురోజుకీ చిన్నదైపోతోంది. ఎవరికి వాళ్ళు మట్టి పోసుకుంటూ లోపలికి జరుగుతున్నారు. అందుకే హద్దురాళ్ళు వేస్తున్నాం. మూడు తరాలకి పైబడి ఉన్నవాళ్ళని కదిలించం. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం లేవాలి. ఈ పటంలో మీ దిబ్బ లేదు. ఇక్కడ నీళ్ళున్నాయి.’’

‘‘నీళ్ళేమిటమ్మగారూ, తమరు నిలబడింది మట్టి మీదేగా!’’ అంది లంకమ్మ. ‘‘మేము ఎప్పట్నించో ఉన్నాం.’’

‘‘అయ్యుండొచ్చమ్మా. కానీ మీకు ముందు ఎవరూ ఇక్కడ లేరని మీవాళ్ళే రాసిపెట్టారు కదా.’’

పద్నాలుగు గుడిసెల వాళ్ళూ ఒక్కసారిగా నాంచారయ్య వైపు తిరిగారు. అతను తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. అక్కడేం కనపడలేదు, కాళ్ళు తప్ప.

‘‘కాగితాలేమైనా ఉన్నాయా?’’ అని అడిగింది హైమావతిగారు.

ఉన్నవి వరదలు పట్టుకుపోయాయన్నారు.

‘‘సరే. నాకు ఇక్కడ మూడు రోజులు పని ఉంది. ఈలోగా పాతదేదైనా చూపించండి. కథలు వద్దు, వస్తువు కావాలి. చూపించకపోతే వానల్లోగా దిబ్బ ఖాళీ చెయ్యాల్సి ఉంటుంది,’’ అంది. గద్దించలేదు, విసుక్కోలేదు. అందుకే అందరికీ ఇంకా భయం వేసింది.

నాంచారయ్యకి మాత్రం ధైర్యం ఎక్కువ. ‘‘ఇంత చరిత్ర పెట్టుకుని భయమెందుకే? రేపే చూపిస్తాను,’’ అన్నాడు భార్యతో.

మొదటి రోజు ఆవిడని దోనెలో ఎక్కించుకుని రాణిగారి బండ దగ్గరికి తీసుకెళ్ళాడు. ‘‘చూడండమ్మగారూ, రాణిగారి చేతివేళ్ళ అచ్చులు!’’

హైమావతిగారు వంగి చూసింది, వేలు పెట్టి తడిమింది. ‘‘ఇవి వేళ్ళవి కావండీ. తాడు ఒరుసుకుని పడ్డ గీతలు. ఇక్కడ చాలా కాలం దోనెలు కట్టారు.’’

‘‘అదేనండీ నేను చెప్పేది!’’

‘‘దారిన పోయేవాళ్ళు కూడా దోనె కడతారు. కాపురం ఉన్నారని ఎలా రాయను?’’

రెండో రోజు పొద్దున ఏనుగు స్తంభం దగ్గరికి తీసుకెళ్ళాడు. దాని మీద మెట్లుమెట్లుగా గాట్లున్నాయి. ‘‘ఏనుగు ఒళ్ళు గోక్కుందండీ,’’ అన్నాడు. అప్పటికి గొంతు కొంచెం తగ్గింది.

‘‘ఏనుగు ఇంత సమంగా గోక్కోదండీ. ఇది వరద ఎంత ఎత్తొచ్చిందో గుర్తు పెట్టిన రాయి. ఎవరో శ్రద్ధగా పెట్టారు. వాళ్ళెవరో, ఎక్కడుండేవారో ఈ రాయి చెప్పదు.’’

అదే రోజు మధ్యాహ్నం ముత్యాల గుట్ట దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ గుప్పెడు గుల్లలు తీసి చూసింది. అడుగున మసీ, కాలిన మట్టీ కనపడ్డాయి. ‘‘ఇక్కడ నత్తగుల్లలు కాల్చి సున్నం తీసేవాళ్ళు,’’ అంది. ‘‘ఏ ఊరి గోడలకి వేశారో. కానీ ఈ బట్టీ కూడా మీ దిబ్బ నుంచి కోసెడు దూరంలో ఉంది.’’

తిరుగుదారిలో నాంచారయ్య గెడ వేస్తూ ఏమీ మాట్లాడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మడుగు మీద అతను నోరు మూసుకుని దోనె నడపడం అదే మొదటిసారి. గూడబాతులు కూడా తల తిప్పి చూశాయట. నేను చూడలేదనుకో, చూసే ఉంటాయి.

అతన్ని తొలిచేది ఒక్కటే. ఆ బండకి దోనెలు కట్టినవాళ్ళూ, ఆ రాతికి గాట్లు పెట్టినవాళ్ళూ, ఆ గుల్లలు కాల్చినవాళ్ళూ తన తాతముత్తాతలే అయ్యుంటారు. వాళ్ళందరినీ తుడిచేసి ఆ చోట్లన్నీ రాజులకి ఇచ్చేసింది తనే. పైగా ఎర్రరంగుతో రాసి మరీ.

ఇంటికొస్తే లంకమ్మ లేదు. పక్కింటి ఆదెమ్మ గుడిసెలోంచి ఆడవాళ్ళ మాటలు వినపడుతున్నాయి. ఆదెమ్మ కొడుక్కి కొత్తగా పెళ్ళయింది. నాంచారయ్య తన గొడవలో తానుండి, గొంతైనా సవరించకుండా లోపలికి దూరాడు.

‘‘అయ్యో, మగాళ్ళు రాకూడదు! ఫో బావా, ఫో!’’ అని ఆదెమ్మ చేట ఎత్తింది.

లోపల ఏం జరుగుతోందంటే, ఆ దిబ్బ మీద ఒక ఆనవాయితీ ఉంది. కోడలు వంట చేపట్టిన రోజున కొత్త పొయ్యి వేస్తారు. మడుగులోంచి మట్టి తెచ్చి, మూడు పొయ్యిగడ్డలు చేసి నిలబెడతారు. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే కోడలు తన చేతి గాజు దాని మీద నొక్కి అచ్చు వేస్తుంది. ఆ పని అంతా ఆడవాళ్ళదే. మగవాళ్ళని ఆ పూట మడుగు మీదికి తోలేస్తారు. అందుకని పొయ్యి ఎలా వేస్తారో ఏ మగవాడూ చూసి ఎరగడు. వండింది తినడం ఎలాగో మాత్రం అందరికీ తెలుసు.

నాంచారయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆదెమ్మ పాత పొయ్యి ఎక్కడున్నది అక్కడే ఉంది. కొత్త కోడలు దాన్ని కదపకుండా, దాని మీద తట్టలతో మట్టి పోసి కప్పేస్తోంది.

‘‘అదేమిటి, పాతది తీసెయ్యరా?’’ అని అడిగాడు.

‘‘అత్త పొయ్యి ఎవరన్నా తీసేస్తారా మావా?’’ అంది లంకమ్మ. ‘‘జానెడు మట్టితో కప్పి, దాని మీద కోడలు తన పొయ్యి పెట్టుకుంటుంది.’’

‘‘మరి ఆదెమ్మ అత్తది?’’

‘‘దాని కింద ఉంది.’’

‘‘ఆవిడ అత్తది?’’

‘‘దాని కింద.’’

‘‘ఆవిడ అత్తది?’’

‘‘ఇంకా కింద! ఇవాళ నీకేమయింది?’’

నాంచారయ్య గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ‘‘ఓసి నా తల్లుల్లారా! మొన్నట్నించీ ఆ అధికారమ్మ పాతదేదైనా చూపించండి, చూపించండి అని మొత్తుకుంటుంటే ఒక్కరూ నోరు విప్పరేం?’’

‘‘నువ్వు ఆవిణ్ణి రాణిగారి దగ్గరికీ ఏనుగు దగ్గరికీ తిప్పుతున్నావాయె. ఆవిడకి కావలసింది రాజుల సంగతనుకున్నాం. పొయ్యిల సంగతి మమ్మల్ని ఎవరడిగారు?’’ అంది లంకమ్మ.

అప్పుడు అతను ఉన్నమాట చెప్పాడు. ‘‘లంకా, రేపు మన పొయ్యి తవ్వి చూపించాలే.’’

కప్పిన పొయ్యిని మళ్ళీ తెరవడం ఆ దిబ్బ మీద ఎవరూ చెయ్యని పని. నిద్రపోతున్న అత్తగారి మొహం మీది దుప్పటి లాగినట్టుగా అనుకునేవాళ్ళు.

‘‘చెయ్యను,’’ అంది లంకమ్మ.

‘‘చెయ్యకపోతే దిబ్బ పోతుంది.’’

‘‘చెయ్యను. మీ అమ్మ నా చేతిలో గరిటె పెట్టి, జాగ్రత్తే అంది.’’

‘‘దిబ్బ పోతే ఆ పొయ్యి కూడా పోతుందిగా. మా అమ్మని మడుగులో వదిలేసి మనం ఎక్కడికి పోతాం?’’

లంకమ్మ చేతి మట్టి వలుచుకుంది. ఆదెమ్మని చూసింది, కొత్త కోడల్ని చూసింది. ఆ తర్వాత లేచింది. ‘‘తవ్వేది నేను. నువ్వు ముట్టుకోకూడదు. అంతకన్నా ముందు ఒక పని ఉంది. ఆ చెక్క మీద మనుషులెవరూ లేరని రాశావే, అది చెరుపు. మనుషులు లేరని బయట రాసి పెట్టి, లోపల అత్తల్ని లేపితే వాళ్ళేమనుకుంటారు?’’

నాంచారయ్య ఇసకా కొబ్బరిపీచూ తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. తను రాసేటప్పుడు దోనెకి పూసే గట్టి రంగు వాడాడు, వానకి పోకూడదని. పొద్దు గుంకేదాకా రుద్దితే ‘రాజులు’ పోయారు. ‘మనిషీ’ దగ్గరికొచ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా రుద్దాడు. చివరికి చెక్క సగమైంది గానీ రాత పోయింది.

మూడో రోజు పొద్దున్నే లంకమ్మ తలస్నానం చేసి, తన పొయ్యి ముందు దండం పెట్టుకుని, కొబ్బరిచిప్పతో మట్టి తియ్యడం మొదలుపెట్టింది. హైమావతిగారు చెప్పులు బయట విడిచి వచ్చి పక్కన కూర్చుంది. గుమ్మం అవతల దిబ్బంతా నిలబడింది.

లంకమ్మ తన పొయ్యిగడ్డలు మూడూ తీసి చాప మీద పెట్టింది. దాని కింద జానెడు మట్టి. అది తియ్యగానే బూడిద, చేపముళ్ళు, ఆ తర్వాత నల్లగా కాలిన మూడు గడ్డలు వచ్చాయి.

‘‘ఇది మా అత్త బంగారమ్మది,’’ అంది.

గడ్డ మీద చిన్న గాజు అచ్చు ఉంది. ఒకచోట గాజు విరిగితే తీగ చుట్టినట్టు గరుకుగా గీతలున్నాయి. అది చూడగానే నాంచారయ్య చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. చిన్నప్పుడు అమ్మ మొహం తుడుస్తుంటే ఆ తీగ చెంప మీద గీరుకుని, అతను ఏడుపు లంకించుకునేవాడు.

‘‘మా అమ్మేనండీ,’’ అన్నాడు. ఆ మాటకి వెనకా ముందూ ఏ కథా తగిలించలేదు.

ఆ తర్వాత రెండో పొయ్యి వచ్చింది. దాని మీద వెడల్పాటి గాజు. ఆ తర్వాత మూడో పొయ్యి వచ్చింది. దాని మీద మెలికల గాజు.

‘‘చాలమ్మా,’’ అంది హైమావతిగారు. ‘‘మూడు తరాలయ్యాయి. నాకు కావలసింది కనపడింది.’’

‘‘ఆగండమ్మగారూ,’’ అంది లంకమ్మ చెమట తుడుచుకోకుండానే. ‘‘ముగ్గుర్ని లేపి, మిగిలినవాళ్ళని పలకరించకుండా వదిలేస్తే బాగుంటుందా?’’

నాలుగోది వచ్చింది. ఐదోది వచ్చింది. ఆరోది వచ్చింది. గొయ్యి లంకమ్మ భుజాల దాకా లోతయింది. ఏడో పొయ్యి మీది గాజు అచ్చు నీ చేతికి సరిపోయేంత ఉంది. అంత చిన్నపిల్ల ఆ ఇంటికి కోడలిగా వచ్చి, మట్టి తెచ్చుకుని, పొయ్యి వేసుకుంది.

ఏడోదాని కింద నీళ్ళు ఊరాయి. లంకమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమింది. ఆమె మొహం మారిపోయింది.

‘‘ఇంకోటి తగులుతోందమ్మగారూ. గుండ్రంగా ఉంది. తియ్యమంటారా?’’

హైమావతిగారు గోతిలోకి దిగి, తన చెయ్యి కూడా నీళ్ళలో పెట్టింది. ఇద్దరి చేతులూ ఆ గడ్డ మీద కాసేపు ఉన్నాయి. ‘‘వద్దు,’’ అంది. ‘‘ఆవిణ్ణి అక్కడే ఉండనివ్వండి.’’

అప్పుడు ఆవిడ పుస్తకం తెరిచింది. మొన్న ఎక్కించుకున్న ఎర్రరంగు ముక్కల మీద అడ్డంగా గీత కొట్టింది. కింద ఏడు పొయ్యిలూ వరసగా బొమ్మ వేసి, పక్కన ఏ గాజు ఏ పొయ్యి మీదో రాసింది. ఆ తర్వాత తలెత్తి అడిగింది. ‘‘నాంచారయ్యగారూ, ఇక్కడ ఒక గడి నింపాలి. ఈ దిబ్బ మీద మొట్టమొదట కాపురం పెట్టిందెవరు?’’

దిబ్బంతా భయంగా గుమ్మంలోకి తోసుకొచ్చింది. అతను ఏం చెబుతాడోనని కాదు, ఏ రాజుని తెస్తాడోనని.

నాంచారయ్య నోటిదాకా ఒక సేనాపతి వచ్చాడు, గుర్రంతో సహా. అతను గోతిలో ఊరే నీళ్ళ వైపు చూశాడు. సేనాపతిని గుర్రంతో సహా మింగేశాడు.

‘‘నాకు తెలీదండీ,’’ అన్నాడు. ‘‘ఎవరో ఒకావిడ. మడుగు ఒడ్డుకి వచ్చింది, మట్టి తీసి పొయ్యి పెట్టింది, ఇంటిల్లిపాదికీ వండింది. నాకు తెలిసింది అంతే.’’

హైమావతిగారు ఆ మాటల్ని అలాగే, ఒక్క ముక్క పోకుండా గడిలో రాసింది. గడి చాలకపోతే అంచు మీద రాసింది. బయటికొచ్చి తన మనుషుల్ని పిలిచి, ‘‘హద్దురాయి దిబ్బకి అవతల, నీళ్ళ వైపు వెయ్యండి. దిబ్బ లోపలికి రాకూడదు,’’ అంది. రాయి పాతుతుంటే దిబ్బ మీద ఆడవాళ్ళు ఈల వేశారు. మగవాళ్ళు ఏడ్చారు. అక్కడ అలాగే ఉండేది.

ఆ తర్వాత అసలు పని మిగిలింది. లేపినవాళ్ళని మళ్ళీ పడుకోబెట్టాలి కదా! పద్నాలుగు ఇళ్ళ ఆడవాళ్ళూ తలో తట్ట మట్టి తెచ్చారు. చిన్నపిల్ల గాజు పొయ్యి అడుగున, దాని మీద జానెడు మట్టి, దాని మీద ఇంకొకటి. అలా ఎవరి చోట వాళ్ళని పెట్టుకుంటూ బంగారమ్మ పొయ్యి దాకా వచ్చారు. అన్నిటికన్నా పైన లంకమ్మ తన మూడు గడ్డలూ నిలబెట్టుకుంది.

సాయంత్రానికి లంకమ్మ చేతులు పైకి లేవలేదు. ‘‘మావా,’’ అంది గోడకి చేరగిలబడి, ‘‘ఇవాళ వంట నీది.’’

ఎనిమిదిమంది అత్తలూ ఒక కోడలూ వండిన ఆ చోట మొట్టమొదటిసారి ఒక మగవాడు అన్నం వండాడు. అడుగంతా మాడింది, పైనంతా పలుకు. మధ్యలో రెండు గరిటెలు మాత్రం తినేలా ఉంటే, అది హైమావతిగారికి పెట్టారు.

‘‘ఎలా ఉందండీ?’’ అని అడిగాడు నాంచారయ్య, మొహం చేటంత చేసుకుని.

హైమావతిగారు నమిలింది. మళ్ళీ నమిలింది. కాసిని నీళ్ళు తాగింది. ‘‘చాలా బాగుందండీ,’’ అంది.

ఆ మూడు రోజుల్లో ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే.

కథేమో కంచికి బండెక్కి పోయింది,
కన్నేమో రెప్పల తలుపేసుకుంది,
మడుగులో తామర ముడుచుకుంది,
మనిల్లు మనల్ని రమ్మంటోంది.